ఆకుమీద చెయ్యి

మొన్న ఒక పెళ్ళి విందులో ఎదుటి వరుసలో ఒక భారీ మనిషి కూర్చున్నాడు. చక్కెర జబ్బుందట, పక్కనున్న భార్య అందరికీ చెబుతూనే ఉంది. ఆయన ఆకుమీద అరచెయ్యి అడ్డం పెట్టి "వద్దప్పా, అన్నం వద్దు" అంటున్నాడు. వడ్డించే అబ్బాయి ఊరుకుంటాడా? వేళ్ళ సందుల్లోంచి అన్నం జార్చాడు, దానిమీద నెయ్యి కూడా పోశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పాపం ఆయన కూడా నవ్వి, చెయ్యి దులుపుకుని, కలుపుకుని తిన్నాడు. మన మర్యాద అంతే. వద్దన్నవాడికి వడ్డిస్తేనే మనకు తృప్తి. కావాలన్నవాడి దగ్గరికి గరిటె రాదు.

అందరితోపాటు నేను నవ్వలేకపోయాను. ఆ చెయ్యి చూడగానే నాకు ఇంకో చెయ్యి గుర్తొచ్చింది. లావుపాటి వేళ్ళు, అనామికకు దర్భ ఉంగరం, అరచేతి నిండా నెయ్యి జిడ్డు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధుల్లో ఆయన్ని తెలియని ఇల్లు లేదు. అయినా పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. 'పెద్దాకు సామి' అనేవాళ్ళు. మిగతావాళ్ళకు ఒక విస్తరి వేస్తే ఆయనకు రెండు కలిపి కుట్టినది వేయాలి. ఆ పేరు అలా వచ్చింది. ఆయన వృత్తి తినడం. వేళాకోళానికి అనడం లేదు. తద్దినం నాడు పోయినవాళ్ళ స్థానంలో కూర్చుని భోంచేసే బ్రాహ్మణుణ్ణి భోక్త అంటారు. ఆయన భోక్త. ఇంటివాళ్ళు ఆయన కాళ్ళు కడిగి, పీట వేసి, తమ నాయనకో తాతకో పెట్టుకున్నట్టు ఆయనకు పెడతారు. ఆయన తిన్నది పోయినవాళ్ళకు చేరుతుందని నమ్మకం. తింటున్నంతసేపూ భోక్త నోరు విప్పి మాట్లాడకూడదు. బాగుందనీ అనకూడదు, చాలుననీ అనకూడదు. చివర ఇంటి యజమాని తృప్తి అయిందా అని మంత్రంలో అడుగుతాడు. అయిందని అప్పుడు చెప్పాలి.

నేను ఆ వీధికి కోడలిగా వచ్చింది యుద్ధం జరుగుతున్న రోజుల్లో. మా ఇంట్లో అత్తగారు, తాలూకా కచేరీలో గుమస్తాగా ఉన్న మా ఆయన, నేను, పెరట్లో ఒక ఆవు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. మామగారిని నేను చూసిందల్లా ఏడాదికొకసారి మాఘమాసంలో, పెద్దాకు సామి రూపంలోనే.

ఆయన కూర్చోవడం ఒక పెద్ద కార్యం. ముందు గోడకు చెయ్యి ఆనించేవారు. తర్వాత ఒక మోకాలు వంచి, ఆగి, ఊపిరి పీల్చుకుని, రెండోది వంచేవారు. పొట్ట ముందు కూర్చునేది, ఆయన తర్వాత కూర్చునేవారు. ఇక ఆకు ముందు స్థిరపడ్డాక మాత్రం ఆ చేతుల్లో ఒక అందం వచ్చేది. మాట్లాడకూడదు కాబట్టి ఆయనకు సైగల భాష ఒకటి ఉండేది. చిటికెన వేలు కొంచెం వంచితే పరమాన్నం. బొటనవేలు ఆకు అంచుకు తాకిస్తే నెయ్యి. కనుబొమ్మ ఎత్తితే 'ఉప్పు మరిచిపోయినారు' అని. కొత్తకోడలిని కదా, నాకు ఆ భాష అత్తగారు నేర్పేలోపే ఆయన చేతులు చూసి వచ్చేసింది.

భోజనం అయి, తాంబూలం తీసుకుని, మౌనం తీరాక ఆయన వంటింటి గుమ్మం వైపు తిరిగేవారు. లోపల మడిబట్టతో నిలబడి ఉన్న మా అత్తగారికి వినబడేట్టు అనేవారు.

"అమ్మా, ఆయన సంతోషంగా తిన్నాడు. కంద పులుసు మళ్ళీ మళ్ళీ అడిగినాడు. గారెలు మాత్రం రవ్వంత గట్టిపడినాయంట, కోడలికి చెప్పమన్నాడు."

ఏ ఇంటికి పోయినా ఇలా పోయినవాళ్ళ మాట ఒకటి మోసుకొచ్చి చెప్పేవారట. శాస్త్రంలో ఇది ఎక్కడా లేదని పురోహితుడు సణిగేవాడు. మా అత్తగారికి మాత్రం ఏడాది పొడుగునా ఎదురుచూసే మాట అదే. "గట్టిపడినాయని అన్నాడా? అవునవును, మెత్తగా ఉండాల ఆయనకి" అని కళ్ళొత్తుకునేవారు. ఆ గారెలు కాల్చింది నేను. పోయిన మామగారి చేత చీవాట్లు తిన్న కోడలిని మా వీధిలో నేనొక్కదాన్నే.

ఒక మాఘంలో మామగారి తద్దినం నాడు, ఎప్పటిలాగే భోక్త కాళ్ళు కడిగే ఘట్టం వచ్చింది. మగవాడు కాళ్ళు కడగాలి, భార్య చెంబుతో నీళ్ళు పోయాలి. మా ఆయన పురోహితుడి నోరు చూస్తూ మంత్రం అప్పజెబుతున్నాడు. నేను నీళ్ళు పోస్తున్నాను. సామి కుడికాలికి మడమ దాకా దట్టంగా పసుపు రాసి ఉంది. నీళ్ళతో పసుపు కొట్టుకుపోయాక, బొటనవేలి కింద ఒక పుండు బయటపడింది. పాతది. అంచులు తెల్లగా పాలిపోయి, లోపల ఎర్రగా ఉంది. నా చెంబు ఆగిపోయింది.

తలెత్తి చూశాను. అంత భారీ మనిషి చిన్నపిల్లవాడిలా బెదిరిపోయి నా వంక చూస్తున్నారు. పుండున్నవాడు, రోగమున్నవాడు భోక్తగా పనికిరాడు. ఆ మాట నేను పైకి అంటే ఆ రోజుతో ఆయనకు ఊళ్ళో పిలుపులు ఆగిపోతాయి. ఇంట్లో ముసలి తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. వాళ్ళ పొయ్యి మండేది ఆయనకు వచ్చే పిలుపులతోనే. నేను మిగతా నీళ్ళు గబగబా పోసేశాను.

మరుసటి రోజు పొద్దున ఆయన మా పెరటి తలుపు దగ్గరికి వచ్చారు. చేతిలో ఇత్తడి చెంబు.

"తల్లీ, కొంచెం మజ్జిగుంటే పోస్తావా? వెన్న తీసిందైనా ఫరవాలేదు."

నేను పోస్తూ, "సామీ, ఆ కాలు ఎవరికైనా చూపించినారా?" అన్నాను.

"చూపించినానమ్మా. స్టేషను కాడ డాక్టరు ఉండాడు కదా, పాకాల నించి వచ్చినాయన. 'సామీ, నీ రక్తంలో చక్కెర పారతా ఉండాది. నీ ఒళ్ళు తగ్గాల. అన్నం మానుకో, సంగటి మానుకో, బెల్లం జోలికి పోవద్దు' అన్నాడు. అయ్యా, కల్లు గీసేవాణ్ణి చెట్టెక్కొద్దంటే ఎట్ల అంటిని."

"సూదిమందు ఉంటుందంటారే?"

"అది సముద్రం దాటి రావాలంట. యుద్ధంలో పడవలు యాడొస్తాయి? వచ్చినా మాబోటివాళ్ళకి యాడ దొరుకుతుంది?"

ఆ డాక్టరు కోప్పడలేదట. బేరానికి దిగాడట. పిలుపున్న రోజు ఏం చేస్తావు, పిలుపు లేని రోజు ఏం చేస్తావు అని అడిగాడట. పిలుపు లేని రోజు ఇంట్లో ఉన్నది తింటానన్నారట ఈయన. "అయితే పిలుపున్న దినం మీ పితృదేవతలది. పిలుపు లేని దినం నాది. నా దినాల్లో మెతుకు ముట్టొద్దు. ఆకుకూర తిను, పొట్లకాయ, కాకరకాయ తిను, చెనక్కాయలు గుప్పెడు తిను, మజ్జిగ తాగు" అన్నాడట. సరే, తద్దినం నాటి రాత్రి ఏం తింటావని కూడా అడిగాడట. భోక్త ఆ రాత్రి ఏమీ తినకూడదు, అది నియమం అని ఈయన చెప్పారట.

"పగలబడి నవ్వినాడమ్మా. 'మీ శాస్త్రం రాసినాయన నాకంటే ముందు పుట్టిన డాక్టరు' అన్నాడు."

అప్పటినుంచి ఆయన రోజూ చెంబుతో వచ్చేవారు. డాక్టరు ముందే ఒక నీలం మందు సీసా ఇచ్చి ఉన్నాడు. గాజుగొట్టంలో ఆ మందు పోసి, నాలుగు చుక్కలు మూత్రం వేసి, దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే జాస్తి, ఇటుక రంగు తిరిగితే ఇక చెప్పక్కర్లేదు. ఆయనకు ఇది మహా సరదాగా ఉండేది. ఊళ్ళో తద్దినాలన్నిటికీ రంగులు కట్టేశారు. "ఆ రథం వీధి వాళ్ళది పసుపమ్మా, పిసినారులు. మీ ఇంటిదా? మీది ఎర్రటి ఇటుక. మీ అత్తగారి పరమాన్నం అంటే మాటలా?" అనేవారు. మగవాడు పెరటి తలుపు దగ్గర నిలబడి మూత్రం సంగతి చెబుతుంటే నేను కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

ఆ సంవత్సరం బియ్యానికి కరువొచ్చింది. రేషను కార్డు మీద ఇచ్చే బియ్యం రాళ్ళతో కలిపి కూడా ఇంటికి చాలేది కాదు. చాలా ఇళ్ళలో తద్దినానికి వండి పెట్టడం మానేసి, భోక్తకు పచ్చి బియ్యం, కూరగాయలు దానమిచ్చి పంపడం మొదలుపెట్టారు. ఆపదలో అలా చేయొచ్చట. ఊరంతా ఏడ్చిన ఆ కరువు ఆయనకు వరమైంది. బియ్యం ఇంట్లోవాళ్ళకు ఇచ్చేసి, తను చిర్రాకు కూర, మజ్జిగ, చెనక్కాయలతో గడిపేవారు. పొట్ట దిగింది. గోడ పట్టుకోకుండా లేవసాగారు. పుండు మెల్లగా ఎండి, పొలుసు కట్టి, ఒకనాటికి కొత్త చర్మం వచ్చింది. నాకు కాలెత్తి చూపించారు కూడా, పెరట్లో ఆవు సాక్షిగా.

ఒక రోజు మామూలు వేళకు రాలేదు. పొద్దెక్కాక వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"నిన్న కొండెక్కినానమ్మా! అలిపిరి నించి నడిచి! ఎన్నేండ్లయిందో ఆ మెట్లు తొక్కి. ఈ ఒంటితో యాడెక్కేది? కింద నిలబడి దండం పెట్టి వచ్చేసేవాణ్ణి."

"కాలు?"

"కాలు బాగుండాది. అది కాదు తల్లీ నేను చెప్పొచ్చింది. గాలిగోపురం కాడ కూర్చున్నా. కడుపులో ఏందో లాగినట్టయింది. గుండె దడదడ. జబ్బు తిరగబెట్టిందేమో అని భయపడినా. పక్కన ఒక ముసలామె చెనక్కాయలు వలుచుకుంటా ఉండాది. అవి చూసినా. నోట్లో నీళ్ళూరినాయి." ఆయన గొంతు తగ్గింది. "అప్పుడు తెలిసిందమ్మా, అది ఆకలి అని."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు.

"ఒడుగైన మరుసటి నాడే మా నాయన నన్ను ఆకు ముందర కూర్చోబెట్టినాడు. అప్పట్నించీ ఎవురి ఆకలో తీరుస్తా ఉండాను. నాకని ఒకటుంటుందని యాడ తెలుసు? ఆ ముసలామె గుప్పెడు ఇచ్చింది. తిన్నా. చాలు అనిపించింది. చాలు అని నేనే అనుకున్నా, ఎవురూ అడగకుండానే."

ఆయన చెంబు తీసుకుని వెళ్ళిపోయాక నేను ఆవు పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఎందుకో నాకే తెలియలేదు. యాభై దాటిన మనిషి, జీవితమంతా తింటూ గడిపిన మనిషి, మొదటిసారి ఆకలేసిందని పండగ చేసుకుంటున్నాడు.

పండగ ఎన్నాళ్ళో ఉండలేదు. సన్నబడిన ఒంటిమీద చర్మం వేలాడింది. వీధిలో ఆడవాళ్ళు గుసగుసలాడారు. "పెద్దాకు సామి కరిగిపోయినాడే, ఏందో రోగం" అని ఒకామె, "తినే శక్తి పోయిందంట, మన పెద్దలు ఆకలితో ఎనక్కి పోతారేమో" అని ఇంకొకామె. ఏర్పేడు నుంచి ఒక పడుచు భోక్త రైలు దిగడం మొదలైంది. ఆ అబ్బాయి మూడు పూటల తిండి ఒక్క పూటలో తింటాడని చెప్పుకున్నారు. ఈయన ఇంటికి వచ్చే పచ్చి బియ్యం కూడా తగ్గింది. ఎటు తిరిగినా గోడే ఆయనకు. తింటే పుండు లేస్తుంది, పుండుంటే పనికిరాడు. తినకపోతే ఒళ్ళు తగ్గుతుంది, ఒళ్ళు తగ్గితే అసలే పిలవరు.

అలాంటి రోజుల్లో మళ్ళీ మాఘం వచ్చింది.

మా అత్తగారు పచ్చి బియ్యం దానానికి ఒప్పుకోలేదు. "బతికున్నన్నాళ్ళూ నా చేతివంట తప్ప తినలేదు ఆయన. ఇప్పుడు మూట గట్టి చేతికిచ్చి పంపేదా?" అన్నారు. ఆమె అంతకు ముందు దసరా నాటినుంచే రేషను బియ్యంలో రోజూ ఒక పిడికెడు తీసి కుండలో దాచారు. ఆ కుండ నిండడం కోసం మేమంతా సంగటి, జొన్నన్నం తిన్నాం. ఆమె సగం పూటలు అవీ తినలేదు. ఆ బియ్యం ముట్టుకుంటే నా చెయ్యి విరిచేసేవారు.

తద్దినం నాటి వంట నాదే. పొద్దున్నే మడి కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు నాకో ఆలోచన వచ్చింది. పొట్లకాయ కూర ఎక్కువ చేశాను. వడ్డన మొదలుపెట్టేది కూడా కోడలే కదా. ఆయన ఆకులో ముందు పొట్లకాయ కూర కుప్పగా పోసి, దానిమీద పల్చగా అన్నం కప్పాను. చూసేవాళ్ళకు పెద్ద అన్నపు రాశి, లోపలంతా కూర. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆయన అన్నం కలపడానికి వేళ్ళు పెట్టారు. వేళ్ళు లోపలికి పోగానే ఆగాయి. తలెత్తకుండానే ఒక్కసారి నా వైపు చూశారు. పెదవుల మీద చిన్న నవ్వు. తినడం మొదలుపెట్టారు.

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆమె కళ్ళు ఆకుమీదే. అన్నం ఇట్టే తరిగిపోవడం చూసి మహా సంతోషం ఆమెకు.

"అన్నం వెయ్యే! చూడు, ఆకలిగా ఉండాడు. వెయ్యి!"

నేను కదల్లేదు. ఆమె ఆగలేక తనే అన్నపు గిన్నె తీసుకుని వచ్చారు. గరిటె నిండా తీసి వంగారు. అప్పుడు ఆయన ఆకుమీద అరచెయ్యి పెట్టారు. అయిదు వేళ్ళూ చాచి, అడ్డంగా.

ఆమె గరిటె గాల్లో ఆగింది. ముఖం వాడిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ఆకుమీద ఆ చెయ్యి ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏమండీ," అన్నారు. భోక్తను అలా పిలవకూడదు. ఆమె పిలిచింది ఆయన్ని కాదు. "ఏమండీ, కోపమా నా మీద? తక్కువైందనా? పిడికెడు పిడికెడు దాచినానే, మేమెవరం ముట్టలేదే. ఎందుకండీ చెయ్యి అడ్డం పెట్టినారు?"

పురోహితుడు దగ్గాడు. మా ఆయన "అమ్మా, ఇటు రా" అన్నాడు. ఆమెకు వినబడలేదు. కన్నీళ్ళు గరిటెలోని అన్నం మీద పడుతున్నాయి. సామి తలెత్తి ఆమెను చూశారు. మాట్లాడకూడదు. మాట్లాడినా ఏమని చెబుతారు? 'అమ్మా, నేను మీ ఆయన్ని కాదు, నాకు జబ్బు' అనా? తర్వాత మెల్లగా, ఒక్కో వేలూ లేచినట్టు, చెయ్యి పక్కకు జరిగింది.

ఆమె వడ్డించారు. మళ్ళీ వడ్డించారు. కుండ అడుగు కనిపించేదాకా వడ్డించారు. పరమాన్నం పోశారు, అరిసెలు వేశారు. ఆయన తిన్నారు. నుదుటి చెమట ఆకులో పడకుండా భుజంతో తుడుచుకుంటూ తిన్నారు. తృప్తి అయిందా అని మా ఆయన అడిగాడు. అయిందన్నారు. అన్నీ ముగిశాక గుమ్మం వైపు తిరిగి, ఊపిరి అందక ఆగి ఆగి, "కోపం లేదమ్మా ఆయనకి. కడుపు నిండి పెట్టినాడు చెయ్యి, అంతే. నీ మీద కోపమెందుకు?" అన్నారు. మా అత్తగారు నేలకు తల ఆనించి దండం పెట్టారు.

సామి పెరట్లో చెయ్యి కడుక్కోవడానికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డారు. పాతరోజుల్లోలాగా.

"సామీ, మా అత్తకు నిజం చెప్పేస్తాను" అన్నాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"వద్దు తల్లీ. చెప్తే ఈ ఇల్లు కూడా పోతుంది. అది పోతే పోనీ." ఆయన చెంబు నీళ్ళు ముఖం మీద చల్లుకున్నారు. "నా చెయ్యి చూసి ఆమె ఏడ్చిందమ్మా. మొగుడి చెయ్యి అనుకునింది. ఆ చెయ్యి ఎట్ల ఉంచేది చెప్పు?"

ఆయన కడుపు నిండా తిన్నారన్న మాట మర్నాటికే వీధంతా పాకింది. మా అత్తగారే చెప్పుకున్నారు, మురిసిపోతూ. 'సామికి ఒళ్ళు కుదుటపడింది' అని పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. డాక్టరుగారి రోజులు తగ్గిపోయాయి. భాద్రపదంలో మహాలయ పక్షాలొచ్చాయి. ఆ పక్షమంతా ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో రోజూ పెద్దలకు పెడతారు. వద్దంటే ఏర్పేడు అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు. ఆయన రోజూ తిన్నారు. పొద్దున మజ్జిగకు రావడం మానేశారు. ఒకసారి వీధిలో ఎదురైతే, "ఏం రంగు సామీ?" అని అడిగాను. "కాచి చూసే పని లేదమ్మా. చీమలే చెప్తా ఉండాయి" అని నవ్వి వెళ్ళిపోయారు. పాదాలకు మళ్ళీ దట్టంగా పసుపు.

దీపావళికి ముందు రైలెక్కించి పెద్దాస్పత్రికి తీసుకుపోయారు. మోకాలి కింద కాలు తీసేశారు.

ఇంటికి తెచ్చాక చూడ్డానికి వెళ్ళాను. చెంబు నిండా మజ్జిగ పట్టుకెళ్ళాను. నులకమంచం మీద పడుకుని ఉన్నారు. భార్య చిర్రాకు ఉడకబెడుతోంది. ఆ పొయ్యిమీద ఇంకేమీ లేదు.

"రా తల్లీ. డాక్టరు గెలిచినాడు" అన్నారు. "కాలు లేనివాణ్ణి ఎవురు పిలుస్తారు? ఇప్పుడు అన్ని దినాలూ ఆయనవే."

ఆయనే మళ్ళీ మాట కలిపారు, ఎప్పటిలాగా నన్ను నవ్వించాలని.

"నేను పోయినాక నాకూ ఒకణ్ణి కూర్చోబెడతారు కదా. ఏర్పేడు పిల్లోడేమో. బాగా తింటాడు వాడు, పాపం." కాసేపు పైకప్పు చూశారు. "ఒక్కటేనమ్మా. ఆ కొండ మీద ఆకలేసిందే, అది ఇంకొక్కసారి వేసుంటే బాగుండు. ఇప్పుడు ఆకలీ లేదు, తృప్తీ లేదు."

ఆ సాయంత్రం మా అత్తగారికి మొత్తం చెప్పేశాను. ఇక దాచి కాపాడేది ఏముంది? పుండు, డాక్టరు, చెనక్కాయలు, కొండ, అన్నం కింద నేను దాచిన పొట్లకాయ కూర, అన్నీ. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. వింటూ వింటూ చేతులు ఆగాయి.

"అయితే ఆ చెయ్యి మీ మామది కాదా?"

"కాదత్తా. సామిదే."

ఆమె మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. మర్నాటినుంచి సామి ఇంటికి మజ్జిగ చెంబు నేను మోసుకుపోనక్కర్లేకుండా ఆమే తీసుకుపోయేవారు. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మార్గశిరంలో ఆయన పోయారు.

మాఘంలో మామగారి తద్దినానికి ఏర్పేడు అబ్బాయి వచ్చాడు. ఒక్క విస్తరే వేశాం. కాళ్ళు కడిగాం, నునుపైన పడుచు కాళ్ళు. వడ్డించినవన్నీ తిన్నాడు. తృప్తి అయిందా అంటే అయిందన్నాడు. తాంబూలం తీసుకున్నాడు. మా అత్తగారు గుమ్మం పక్కన నిలబడి ఉన్నారు, చెవి ఇటు పెట్టి. ఆ అబ్బాయి కండువా దులుపుకుని, "రేణిగుంట బండి ఎన్నింటికండీ?" అని మా ఆయన్ని అడిగి వెళ్ళిపోయాడు. ఏ కబురూ చెప్పలేదు. అతనికి ఆ అలవాటే తెలియదు.

అత్తగారు పెరట్లోకి వెళ్ళారు. సామి రోజూ చెంబు పట్టుకుని నిలబడిన తలుపు దగ్గర నీళ్ళు చల్లి, ఒక చిన్న ఆకు వేశారు. ఒక్క ఆకు, కుట్టనిది. పొద్దుననే విడిగా వండిపెట్టుకున్న చిర్రాకు దానిమీద వేశారు. నాకు తెలియకుండా ఎప్పుడు వండారో. పక్కన గుప్పెడు చెనక్కాయలు. దొన్నెలో మజ్జిగ.

"తిను నాయనా," అన్నారు. "ఇది ఎవరి బదులూ కాదు. నీదే."

ఉత్త ఆకుకూర ముందు పెట్టుకుని ఆమె అలా కూర్చోవడం చూడలేక, అలవాటు కొద్దీ లోపలికి పోయి అన్నపు గిన్నె తెచ్చాను. "ఒక్క మెతుకైనా లేకుండానా అత్తా?" అంటూ గరిటెతో వంగాను.

ఆమె ఆకుమీద అరచెయ్యి పెట్టారు. అయిదు వేళ్ళూ చాచి, అడ్డంగా. పెట్టి నా ముఖంలోకి చూశారు.

నేను గిన్నె వెనక్కి తీసుకున్నాను.